పందెం కారుకు అంత వేగం ఎక్కడిది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇప్పటివరకు మాట్లాడారు. నాకు ఇచ్చిన విషయం వేరు. "పందెం కార్లు అంత వేగంగా ఎట్లా పోతాయని మా మనవలు అడుగుతున్నారు. గ్యారేజీలో పనిచేసినవారు, మీరే చెప్పాలి" అన్నారు కార్యదర్శి గారు. నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో స్పానరు పట్టినవాణ్ణి. యాభై అరవై మందిని ఎక్కించుకుని నిదానంగా పోయే బండినే తప్ప, ఒక్క మనిషితో రివ్వున పోయే బండిని ఏనాడూ విప్పి చూడలేదు. అయినా సూత్రం ఒకటే. ఇనుముకు, గాలికి, రబ్బరుకు ఇది బస్సు, అది పందెం కారు అన్న తేడా తెలియదు.

ఈ పందెం కార్లు ఎక్కడో ఐరోపాలో ఉంటాయని అనుకోనక్కరలేదు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులోనే, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్.టి.ఆర్. మార్గ్ మీద ఫార్ములా-ఈ పందెం జరిగింది. అవి పెట్రోలుతో నడిచే కార్లు కావు, బ్యాటరీ కార్లు. మన సచివాలయం పక్క రోడ్డు మూసి, ఇరువైపులా కాంక్రీటు గోడలు, ఇనుప కంచెలు కట్టి, సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు తయారుచేశారు. అందులో 18 మలుపులు. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండవవాడైన నిక్ కాసిడీ అర సెకను లోపు తేడాతో వెనకబడ్డాడు. 2024లో మళ్ళీ జరగవలసిన పందెం రద్దయింది. ఆ ఒక్క పందెమే మనకు పాఠానికి సరిపోతుంది.

ఇక వేగం ఎక్కడినుండి వస్తుందో చూద్దాం. అందరూ ఇంజను పేరే చెబుతారు. ఇంజను బలాన్ని విడిగా చూస్తే లాభం లేదు, బండి బరువుతో కలిపి చూడాలి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మనందరికీ తెలిసినదే. దానిది 796 సి.సి. ఇంజను, సుమారు 37 హార్స్ పవర్. బండి బరువు 650 కిలోలకు కాస్త అటూ ఇటూ. మనిషి ఎక్కి కూర్చుంటే టన్నుకు 50 హార్స్ పవర్ లెక్క. హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన కారుకు గరిష్ఠంగా 350 కిలోవాట్లు, అనగా సుమారు 470 హార్స్ పవర్. డ్రైవరుతో కలిపి బరువు 840 కిలోలు. అంటే టన్నుకు 560. మారుతికి పది రెట్లకు పైమాటే! అందుకే పందెం కారు తయారుచేసేవాళ్ళు బలం పెంచడానికి ఎంత తంటాలు పడతారో, బరువు తగ్గించడానికీ అంత పడతారు. ఇనుము తీసేసి కార్బన్ ఫైబర్ వాడతారు. అది ఇనుముకన్నా బాగా తేలిక, గట్టిదనంలో మాత్రం తీసిపోదు.

పెట్రోలు కార్లలో బలం పెంచే ఉపాయం మన ఆడపడుచులకు బాగా తెలుసు. కట్టెల పొయ్యి మండకపోతే ఏం చేసేవారు? ఇంకో కట్టె పెట్టేవారా? కాదు, ఊదుగొట్టంతో ఊదేవారు. ఇంజనూ అంతే. ఎక్కువ పెట్రోలు మండాలంటే ఎక్కువ గాలి కావాలి. టర్బో అనేది ఇంజనుకు ఊదుగొట్టం. సైలెన్సరు వైపు వృథాగా పోయే పొగతో ఒక చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో కొత్త గాలిని లోపలికి నెడతారు. మన బస్సులకు టర్బో ఇంజన్లు వచ్చాక ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత తేడా కనిపించిందో ఇక్కడున్న డ్రైవరు సోదరులు చెప్పగలరు. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ అనే కారుకు 16 సిలిండర్లు, 8 లీటర్ల ఇంజను, నాలుగు టర్బోలు, 1001 హార్స్ పవర్. గంటకు 400 కిలోమీటర్లు దాటి పోయింది. కానీ ఆ వేడిని చల్లార్చడానికి పది రేడియేటర్లు పెట్టవలసి వచ్చింది. మన బస్సుకు ఉన్న ఒక్క రేడియేటరు కారితేనే ఎన్ని తిప్పలు పడ్డామో గుర్తు చేసుకోండి!

రెండవ సంగతి గాలి. నిలబడ్డప్పుడు గాలి మనకు అడ్డమే కాదు. వేగం పెరిగేకొద్దీ అది గోడ అవుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డును తోసుకుపోవడానికి కావలసిన బలం ఎనిమిది రెట్లు. గంటకు 80 నుండి 160కి పోవాలంటే గాలి కోసమే ఎనిమిదింతల బలం ఖర్చు. కనుకనే ఆ కార్లను నేలకు కరుచుకున్నట్లు, ముక్కు సూదిగా తయారుచేస్తారు. పైగా వెనుక ఒక రెక్క బిగిస్తారు. విమానం రెక్క విమానాన్ని పైకి లేపుతుంది. దీన్ని తిరగేసి బిగిస్తారు కాబట్టి బండిని నేలకు అదుముతుంది. ఫార్ములా-1 కారును పూర్తి వేగంలో గాలి దాని బరువుకన్నా ఎక్కువగా కిందికి నొక్కుతుంది.

అంతగా నొక్కడం దేనికి? ఇది మూడవ సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. టైరు కోసం. బండి ఎంత పెద్దదైనా, ఎన్ని లక్షలు పోసి కొన్నా, నేలను తాకేది టైరులో చిన్న ముక్క మాత్రమే. మామూలు కారులో ఒక్కో టైరు నేలను తాకే చోటు సుమారు మన అరచేయంత. నాలుగు టైర్లు, నాలుగు అరచేతులు. ముందుకు దూకినా, మలుపు తిరిగినా, బ్రేకు వేసినా ఆ నాలుగు అరచేతుల పట్టు మీదనే. ఆ పట్టు జారితే వెయ్యి హార్స్ పవర్ ఉన్నా గాలిలో తిరిగే చక్రమే.

నాలుగవది బ్రేకు. వేగం గురించి చెబుతూ బ్రేకు అంటాడేమిటని పిల్లలు అనుకోవచ్చు. పందెంలో ముందుండేవాడు మలుపు ముందు అందరికన్నా ఆలస్యంగా బ్రేకు వేయగలిగినవాడు. ఆగుతానన్న ధైర్యం ఉంటేనే కదా తొక్కేది! హైదరాబాదులో పరుగెత్తిన కార్లకు ఒక వింత ఉంది. వాటి వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. వేగం తగ్గించాలంటే మోటారే డైనమోగా మారి, ఆ ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. పందెంలో వాడే కరెంటులో దాదాపు 40 శాతం ఇలా బ్రేకుల నుండి తిరిగి వచ్చేదే.

ఇంకో మాట చెబితే మన డ్రైవరు సోదరులు సంతోషిస్తారు. ఆ పందెంలో కరెంటు పరిమితం. మొదటినుండి చివరిదాకా పూర్తిగా తొక్కితే గమ్యం చేరకముందే బ్యాటరీ ఖాళీ. కనుక మలుపుకు కాస్త ముందే యాక్సిలరేటరు వదిలి, బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చి, అప్పుడు బ్రేకు వేస్తారు. డిపోల్లో కె.ఎం.పి.ఎల్. పెంచమని మనకు నేర్పిన విద్య ఇదే కదా! స్టాపు కనబడగానే కాలు తీసేయమన్నారు, చివరిదాకా తొక్కి గట్టిగా బ్రేకు కొట్టవద్దన్నారు. ప్రపంచ స్థాయి పందెగాడూ ఆ పనే చేస్తాడు.

కాబట్టి మొత్తం కలిపితే తేలేది ఒకటే. ఏ బండికైనా నిజమైన వేగం, అది ఎంతలో ఆగగలదో అంత వరకే. మిగతాది అదృష్టం మీద వేసిన భారం.

ఇప్పుడు ఆ లెక్కను మన రోడ్డు మీదికి తెస్తాను. హైదరాబాదు-విజయవాడ రహదారిని మనం చిరకాలం తొమ్మిదో నంబరు అన్నాం, ఇప్పుడది 65. నాలుగు వరుసలయ్యాక సూర్యాపేట, కోదాడ మన పిల్లలకు దగ్గరయ్యాయి. మిర్యాలగూడ వారికి నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు ఉంది. రోడ్డు బాగుపడింది, బండ్లూ బాగుపడ్డాయి. మనం చూసిన అంబాసిడరు 100 దాటితే వణికి, అరిచి చెప్పేది. ఇప్పటి కారు 130లో కూడా ఏ.సి. వేసుకుని పాట వింటూ పోతుంది. వేగం ఎంతో లోపలివారికి తెలియనే తెలియదు.

మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్న మామూలు కారు, పొడి రోడ్డు అనుకోండి. అడ్డం కనబడి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను వేయండి. 60లో పోయే కారు మొత్తం సుమారు 37 మీటర్లలో ఆగుతుంది. 80లో 58 మీటర్లు, 100లో 83, 120లో 113 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైంది, ఆగే దూరం మూడింతలైంది. వాన పడితే ఇంకా ఎక్కువ. రాత్రిపూట డిప్ లైటు వెలుగు బాగా పడేది సుమారు 40, 50 మీటర్లు. అంటే డిప్ లైటులో 80 దాటినవాడు తన వెలుగులో తాను ఆగలేడు. ముందు ఏముందో కనబడేసరికే ఆలస్యమైపోతుంది.

మన రోడ్ల మీద ముందు ఏముంటుందో మీకు చెప్పాలా? పంట కాలంలో మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు, వెనుక ఎర్ర లైటు లేని ట్రక్కులు, పంక్చరై పక్కన ఆగిన లారీలు, డివైడరు సందులోంచి దాటే పశువులు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద ట్రాక్టరును ఢీకొని నందమూరి జానకిరామ్ గారు మరణించారు. 2018 ఆగస్టు 29న నల్లగొండ దాపున అన్నెపర్తి వద్ద జరిగిన ప్రమాదంలో వారి తండ్రి హరికృష్ణ గారు మరణించారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పేరున్నవారు కాబట్టి మనకు తేదీలు గుర్తున్నాయి. పేరు లేనివారి తేదీలు వారి ఇండ్లలోనే గుర్తుంటాయి. అలాంటి ఇండ్లు మన సభ్యులలోనూ ఉన్నాయి.

పందెం కారులో ప్రమాదం జరగదా? జరుగుతుంది. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమెయిన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుపోయి, రెండు ముక్కలై అంటుకుంది. ఆయన 28 సెకన్లలో మంటల్లోంచి నడిచి వచ్చాడు. ఒంటికి బిగించిన బెల్టులు, తల చుట్టూ గట్టి చట్రం, మంటను ఆపే బట్టలు, పక్కనే డాక్టరు ఉన్నారు కనుక బతికాడు. ఆ రోడ్డు మీద ఎదురు వచ్చే బండి లేదు, ట్రాక్టరు లేదు, గేదె లేదు. మన పిల్లవాడికి అవేమీ లేవు. వెనుక సీట్లో బెల్టు పెట్టుకోమంటే కూడా "దగ్గరే కదా" అంటారు.

తొందరపడితే మిగిలేదెంత? సూర్యాపేట నుండి కోదాడ సుమారు 45 కిలోమీటర్లు. 80లో పోతే 34 నిమిషాలు, 100లో పోతే 27. మిగిలింది ఏడు నిమిషాలు. అది ఒక చాయ్ తాగేంత సేపు.

చివరిగా కొన్ని పనులు చెబుతాను. ఇవి మన చేతిలో ఉన్నవే. గ్రాట్యుటీ డబ్బులోంచి పిల్లలకు కారు కొనిపెట్టినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అలంకారాలకు పెట్టే డబ్బు టైర్లకు పెట్టించండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి నిండుగా కనబడినా పాతబడ్డ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఇక ఆ టైరు పనికిరాదు. ఊళ్ళో ట్రాక్టరు ఉన్నవారు ట్రక్కు వెనుక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి. కొద్దిపాటి ఖర్చుతో ఎవరి బిడ్డనో కాపాడినవారవుతారు. వెనుక కూర్చునే మనమూ బెల్టు పెట్టుకుందాం, మనల్ని చూసి మనవలు పెట్టుకుంటారు.

ఇంకొక్క విన్నపం. పండక్కి పిల్లలు బయలుదేరారనగానే మనం అరగంటకోసారి ఫోను చేసి "ఎక్కడిదాకా వచ్చారు, ఇంకా టోల్‌గేటు దాటలేదా, అన్నం చల్లారిపోతోంది" అంటాం. అది ప్రేమే. కాని స్టీరింగు పట్టినవాడి చెవిలో అది "తొక్కు, తొక్కు" అని వినబడుతుంది. ఇకమీదట ఒక్కసారే చేసి "నిదానంగా రండి, అన్నం వేడి చేసి పెడతాం" అందాం.

పిల్లలారా, మీకు వేగం ఇష్టమైతే నేను కాదనను. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో దానికోసమే కట్టిన ట్రాకు ఉంది. తమిళనాడు నుండి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా-1లో పరుగెత్తిన తొలి భారతీయుడు అయ్యాడు. తెలుగు పిల్లవాడు ఎందుకు కాకూడదు? హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, నేర్చుకుని అక్కడ తొక్కండి. మేమంతా టి.వి. ముందు కూర్చుని చప్పట్లు కొడతాం. జాతీయ రహదారి మీద మాత్రం మీ తాతయ్యల బస్సులాగా రండి. ఆ బస్సుకు స్పీడు లాకు ఉండేది, అయినా అందరినీ ఇల్లు చేర్చింది.