సముద్ర తీరమునకు ముందొక ఎరవు పెట్టె



విద్యార్థులను సముద్రతీరమునకు తీసికొనిపోవు ఉపాధ్యాయుల నుద్దేశించి ఈ ప్రసంగము. తల్లిదండ్రులు విన్నను నష్టము లేదు.

విశాఖపట్నము ఒడ్డున రాతిబండల నడుమ పాటువేళ చిన్న చిన్న మడుగులు నిలుచును. మొదటిసారి చూచు బాలునికి అందు రాయి, నాచు, నీరు తప్ప మరేమియు అగుపించదు. రాతిని కరచుకొనియుండు టోపీ వంటి నత్తను రాయియే యనుకొనును. చూచుటకు కన్నులు చాలవు, పరిచయము కావలెను. ఆ పరిచయము తరగతిలోనే కలుగుటకు ఎరవు పెట్టె మంచి సాధనము.

ఇది కొత్త యోచన కాదు. చికాగో నగరమందలి ఫీల్డ్ మ్యూజియము, నార్మన్ హారిస్ అను దాత యిచ్చిన నిధితో, 1912 నుండి ప్రకృతి వస్తువుల పెట్టెలను బడులకు ఎరవిచ్చుచు వచ్చినది. మనకు దగ్గరలో అట్టి సంస్థ లేనిచో, సమీప కళాశాల జంతుశాస్త్ర విభాగమును ప్రధానోపాధ్యాయుని లేఖతో అడిగి చూడవలెను. అలమారలలో దుమ్ముపట్టియున్న వస్తువులకు అంతకంటె సద్వినియోగము ఏమున్నది?

పెట్టెలో ఖాళీ శంఖములు, ఆలిచిప్పలు, ఎండిన పీత డొప్ప, నక్షత్రచేప, ఒక భూతద్దము ఉన్న చాలును. ఫార్మలిన్ సీసాలుండినచో మూత తీయరాదు, అది విషము. తక్కిన వానిని పిల్లల చేతికే ఈయవలెను. సన్యాసి పీత వెనుక శరీరము మెత్తనిదనియు, పరుల శంఖములో తలదాచుకొనుననియు చెప్పి, ఖాళీ శంఖమును చూపుడు. అది తెలిసిన బాలుడు ఒడ్డున దొరికిన ప్రతి శంఖమును జేబులో వేసికొనడు. ఒకరి ఇల్లు కావచ్చునని సందేహించును.

ఇక్కడ చట్టము మాటయు కలదు. పగడపు జీవులను, సముద్రపు గుర్రములను, సముద్రపు దోసకాయలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది. బడికొక మ్యూజియము కట్టవలెనని వానిని ఏరుకొని వచ్చుట నేరము. ఎరవు పెట్టె ఆ అవసరమునే తప్పించును.

ఇక ముఖ్యమైనది కాలము. భావనగరు వద్ద పోటు పాట్ల తేడా పది మీటర్ల వరకు ఉండును. విశాఖలో పెద్ద పోటుకు సైతము సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. కనుక బయటపడు రాతిమేర ఇరుకు, వ్యవధి స్వల్పము. పౌర్ణమి, అమావాస్యల తరువాతి ఒకటి రెండు దినములలో నీరు బాగుగా తీయును. పాటు వేళ దినదినమునకు సుమారు ఏబది నిమిషములు వెనుకబడుచుండును. ఓడరేవు వారి పోటుపాట్ల పట్టిక చూచి, పాటుకు గంట ముందుగా చేరి, నీరు మరలిన వెంటనే పిల్లలను పైకి రప్పింపవలెను. అలకు వీపు చూపరాదని పెట్టె తెరచిన నాడే చెప్పవలెను. ఒడ్డున గాలిహోరులో ఆ మాట వినపడదు.

పెట్టెను తెచ్చిననాడును, తిరిగి యిచ్చిననాడును ఇద్దరు విద్యార్థుల చేత వస్తువులను లెక్క పెట్టించుడు. పగిలినది దాచక వ్రాయుడు. పిల్లలు ఒడ్డున ఏమి చూచిరో ఒక కాగితముమీద వ్రాయించి పెట్టెలోనే ఉంచినచో, తరువాత ఎరవు తీసికొను బడికి అది ఉపయోగపడును.