రన్‌వే కింద రాయి ఎవరు కొట్టారు?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొన్న ఆదివాసీ దినం నాడు అరకులో మాట్లాడిన మాటలు రాసి పెట్టమని కొందరు అడిగారు. నోటితో చెప్పినవే, కొంచెం సర్ది రాస్తున్నాను.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె కట్టుకుని ఊళ్లకు పారిపోయారు. ఈ కథ మనకు బడిలో చెప్పారు. అయితే ఆ యుద్ధంలో మన కొండ మనుషులు ఎక్కడున్నారు? అది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చాలా ఏళ్లు అడగలేదు.

దానికి జవాబు కోసం అస్సాం దాకా పోవాలి. ఎందుకో చెప్తాను.

బర్మా జపాన్ చేతికి పోయాక చైనాకు రోడ్డు దారి మూసుకుపోయింది. అప్పుడు అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు విమానాల్లోనే సరుకు మోశారు. పెట్రోలు, బాంబులు, మందుగుండు, అన్నీ కలిపి 1945 దాకా ఆరున్నర లక్షల టన్నులు. దాదాపు 600 విమానాలు కూలిపోయాయి. ఆ దారికి పైలట్లు పెట్టిన పేరు హంప్, అంటే మూపురం. బయలుదేరే స్థావరాల్లో పెద్దది చాబువా. 1942 అక్టోబర్ 25న జపాన్ దాని మీద కూడా బాంబులు వేసింది.

యుద్ధం అయ్యాక ఆ అమెరికా పైలట్లు ఒక సంఘం పెట్టుకున్నారు. మళ్లీ మళ్లీ కలుసుకున్నారు. ఒక్కొక్కరి చేత జ్ఞాపకాలు రాయించి సంపుటాలు వేశారు. బురద, మలేరియా, మబ్బులో కనబడని కొండ, తిరిగిరాని స్నేహితుడు, అన్నీ ఉంటాయి అందులో. నేను వాళ్లను తక్కువ చేయడం లేదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ప్రాణాలకు తెగించి ఎగిరారు. వాళ్లు చేసిన పని మంచిది: మనం పోతే ఇది కూడా పోతుంది అని గుర్తించి రాసుకున్నారు.

కానీ విమానం ఎగరాలంటే కింద నేల గట్టిగా ఉండాలి కదా? ఆ నేల ఎవరు చదును చేశారు? అస్సామీలో చాబువా అంటే తేయాకు నాటిన చోటు. తేయాకు తోట నేల మీదే ఆ స్థావరం వచ్చింది. 1942లో ఇండియన్ టీ అసోసియేషన్ తన తోటల కూలీలను యుద్ధ పనులకు పంపింది. రోడ్లు వేశారు, బర్మా నుంచి నడిచి వచ్చే శరణార్థులకు క్యాంపులు కట్టారు, విమానాశ్రయాల పనులు చేశారు. ఈ పని మీద జెఫ్రీ టైసన్ అనే ఆయన 1945లోనే ఒక పుస్తకం రాశాడు. దాని పేరుకు అర్థం 'మరిచిపోయిన సరిహద్దు'. అందులో ఘనత తోట దొరలది. తట్ట మోసిన మనిషి అక్కడ ఒక లెక్క, అంతే.

ఆ తట్ట మోసినవాళ్లు ఎవరనుకున్నారు? సంతాల్, ముండా, ఉరావ్‌లతో పాటు మన తూర్పు కనుమల సవరలు, కోందులు కూడా. సర్దార్ అనే మనిషి ఊరికొచ్చి, తినడానికి తిండి, కట్టుకోవడానికి బట్ట అని చెప్పి రైలెక్కించేవాడు. తెలుగు మాట్లాడేవాళ్లను ఇప్పటికీ అక్కడి తోటల్లో 'తెలెంగా' అంటారు. ఇక్కడ సవర అంటే షెడ్యూల్డ్ తెగ. అదే సవర మనవడు అస్సాం తోటలో పుడితే ఆ జాబితాలో లేడు. ఎస్టీ హోదా కోసం వాళ్లు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. 'మీరు ఎక్కడినుంచి వచ్చారు' అంటే చూపించడానికి వాళ్ల దగ్గర ఏముంది? తాత చెప్పిన ఊరి పేరు.

ఆ తరం వెళ్లిపోయింది. యుద్ధంలో ఇరవై ఏళ్ల మనిషి ఉంటే ఇప్పుడు నూరు దాటాలి.

తర్వాతి తరం ఇంకా కొంత మిగిలి ఉంది. రోజూ చూసే మన కొత్తవలస–కిరండూల్ లైను తీసుకోండి. 1960లలో వేశారు. బైలాడిలా ఇనుప రాయి విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి. (బాంబులు వేసిన ఇరవై ఏళ్లకే అదే దేశం కోసం మన కొండలు తొలిచారు. చరిత్ర ఇట్లా ఉంటుంది.) టూరిస్టులు 58 సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వీడియోలు తీసుకుంటారు. ఆ సొరంగాల్లో పనిచేసిన ముసలాయన మీ ఊళ్లో అరుగు మీదే కూర్చుని ఉండొచ్చు. ఆయన్ని ఎవరు వీడియో తీశారు?

ఇది ఉత్త జ్ఞాపకాల ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది చదవండి. హక్కుకు ఆధారాలు ఏమేమిటో అందులో ఉంది. దరఖాస్తుదారు కాని పెద్దమనిషి చెప్పిన మాట, రాతలో పెడితే, అది ఆధారమే. అది ఒక్కటే చాలదు, దాంతోపాటు ఇంకొకటి కూడా చూపించాలి: పాత సమాధి, బావి, దేవుడి చోటు, ఏదైనా. 'కాగితం లేదు, పో' అని ఎవరైనా అంటే ఆ నియమం చూపించండి. కానీ పెద్దాయన బతికి ఉండగా రాయించాలి. ఆయన పోయాక నియమం ఉండి ఏం లాభం?

చేతిలో ఫోను ఉంది. చార్జింగ్ చూసుకోండి. 'మీ జీవితం గురించి చెప్పండి' అని అడగొద్దు, ఎవరూ చెప్పలేరు. చిన్నవి అడగండి. మీ ఇంట్లోంచి అస్సాం పోయినవాళ్లు ఎవరు? సర్దార్ ఏ ఊరివాడు? ఉత్తరం వచ్చిందా? రైల్వే పనిలో రోజుకు ఎంత ఇచ్చారు? ఎవరైనా చనిపోతే ఎక్కడ పూడ్చారు? లైను రాకముందు ఆ మిట్ట మీద ఎవరి పోడు ఉండేది? కువిలో చెప్తే కువిలోనే, ఆదివాసీ ఒడియాలో చెప్తే అందులోనే ఉంచండి, తెలుగు తర్వాత చేసుకోవచ్చు. రికార్డు మొదట్లో తేదీ, ఊరి పేరు, పంచాయతీ పేరు పలకండి. ఆయన ఒప్పుకున్నాకే బటన్ నొక్కండి. అమ్మమ్మల్ని వదిలెయ్యకండి, తట్ట మోసింది ఎక్కువగా వాళ్లే.