గన్నేరు ఎచట? మందారము ఎచట?

(సికింద్రాబాదులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

రోడ్డు, దీపము, మంచినీరు సమకూర్చుటతో పంచాయతీ పని ముగియునని తలంచు కాలము గతించినది. 2015 జూలైలో హరితహారము ప్రారంభమైన పిదప మన పల్లెలలో నర్సరీలు వెలసినవి. 2018 సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకునట్లు చూచు బాధ్యతను గ్రామ పాలకులపై నుంచినది. కనుక ఏ మొక్కను ఎచట నాటవలెననునది తోటమాలికి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. పంచాయతీ తీర్మానమునకు రావలసిన ప్రశ్న. ఈ దినము మేము రెండు పూలమొక్కలను మాత్రమే మీ ముందుంచుచున్నాము. ఒకటి గన్నేరు, రెండవది మందారము.

ఈ రెండును మీరెరుగనివి కావు. ఒకమారు నాటినచో పెక్కేండ్లు నిలుచు పొదలివి. రెండును మన ఎండకు తాళి, ఏడాదిలో చాల నెలలు పూయును. రెండింటిని కొమ్మ నాటి పెంచవచ్చును. విత్తనము కొనుట కొక్క పైసా అక్కరలేదు. గన్నేరు శివపూజకు, ఎర్ర మందారము అమ్మవారి పూజకు వాడుక. చూపునకు రెండును అందమైనవే. అయినను వీని స్వభావములు వేరు, వీనికి తగిన తావులును వేరు.

ముందుగా గన్నేరు సుగుణములను చెప్పుట న్యాయము. వేరు నిలద్రొక్కుకొనిన పిదప దీనికి నీటి అవసరము మిక్కిలి తక్కువ. రాతినేల యైనను, దుమ్మైనను, లారీల పొగయైనను దీనికి లెక్కలేదు. సికింద్రాబాదునకు పెద్ద రహదారుల వెంబడి వచ్చిన మీరు రెండు దారుల నడిమి గట్టుమీద ఎర్ర, తెల్ల గన్నేరు పొదలను చూచియే యుందురు. అవి రాత్రివేళ ఎదుటి బండ్ల దీపకాంతి కన్నులకు సోకకుండ అడ్డుకొనును. జపాను దేశములో 1945లో అణుబాంబు పడిన హిరోషిమా నగరమున, ఆ మాడిన నేలలో తొలుత పూచిన పూలలో గన్నేరొకటి. ఆ నగరము దానిని 1973లో తన పుష్పముగా స్వీకరించినది. అంతటి మొండి మొక్క యిది.

మన పల్లెలలో గన్నేరును నాటుటకు మరియొక కారణము కలదు. దానిని మేక ముట్టదు, ఆవు ముట్టదు. కంచె లేకున్నను బ్రతుకును. నూటికి 85 లెక్క చూపవలసిన సభ్యునికి ఇంతకంటె సుకరమైన మొక్క దొరకదు. కాని సోదరులారా, పశువు దానిని ఏల ముట్టదో మనము ఒక్కమారు ఆలోచింపవలెను. గన్నేరు ఆకు చేదు. ఆ చేదులో విషమున్నది. ఆకు, పూవు, కొమ్మ, వేరు, పాలు, విత్తు - విషము లేని భాగము దానిలో లేదు. ఆ విషము నేరుగా గుండెకొట్టుకొను తీరును చెరచును. మన పూర్వులీ సంగతి నెరుగుదురు. అమరకోశములో గన్నేరుకు గల పేర్లలో హయమారకము ఒకటి. గుఱ్ఱమును చంపునది యని దాని అర్థము.

పచ్చిగా నిలిచియున్న పొదను పశువు తానై మేయుట అరుదు. చిక్కంతయు నరికిన కొమ్మతో వచ్చును. వాడిన ఆకులో విషము పోదు, ఎండిన ఆకులోను పోదు. కత్తిరించిన కొమ్మలను గడ్డివాము ప్రక్కన పడవేసినచో ఆకులు మేతలో కలిసిపోవును. పదియో ఇరువదియో ఆకులు ఒక పెద్ద ఆవు ప్రాణమును తీయ చాలును. పాడి ఆవు పోయినచో ఆ కుటుంబమున కెంత నష్టమో మీకు మేము చెప్పనక్కరలేదు. పిల్లల మాట అంతకంటె ముఖ్యమైనది. ఆటలో ఆకు నమలుటయు, కాయ కొరుకుటయు పసివారికి సహజము. 2024 మే నెలలో కేరళలోని దేవస్వం బోర్డులు నైవేద్యమునను, ప్రసాదమునను గన్నేరు పూలను వాడరాదని నిర్ణయించినవి. ఆకులు నమిలిన ఒక యువతి మరణించినదను వార్త ఆ నిర్ణయమునకు దారితీసినది.

ఇచ్చట పేర్ల గందరగోళమును కూడ తీర్చుకొందము. పసుపుపచ్చని గంటవంటి పూలు పూయు పచ్చగన్నేరు వేరు జాతి మొక్క. దాని కాయలోని పప్పు ఇంకను ప్రమాదకరము. దేవగన్నేరు, బిళ్ళగన్నేరు కూడ ఈ కుటుంబములోనివే. బిళ్ళగన్నేరునుండి కాన్సరు వ్యాధికి మందులు తీయుచున్నారు. అంతమాత్రమున దాని ఆకును ఇంటిలో నూరి త్రాగరాదు.

ఇక మందారము. ఇది పత్తి, బెండ, గోంగూరలకు దాయాది. ఒక్కొక్క పూవు ఒక్క దినమే నిలుచును గాని, ప్రతి ఉదయము క్రొత్త పూలు విచ్చును. ఆకు, పూవు నూరి తలకు పెట్టుకొనుట మన ఇండ్లలో వాడుకయే. బిడ్డ రేకును నోటిలో పెట్టుకొన్నను తల్లి బెదరనక్కరలేదు. మలేసియా దేశము 1960లో దీనిని జాతీయ పుష్పముగా ఎన్నుకొన్నది. కుండీలోనైనను పెరుగును, కనుక పెరడు లేని ఇంటికిని తగినది.

అయితే దీనికిని లోపములు కలవు. మేకలకు మందారపుటాకు మిక్కిలి ఇష్టము. మొదటి రెండేండ్లు ముండ్లకంచె లేకున్న మొక్క దక్కదు. వేసవిలో నీరు తప్పినచో మొగ్గలు రాలును. పిండినల్లి పట్టును, ఆ పురుగే పత్తికిని, బెండకును ప్రాకును గనుక చేని గట్టుపై మందారము నాటకుండుట మేలు. ఇంటివద్ద పిండినల్లి కనబడినచో పట్టిన కొమ్మను కత్తిరించి కాల్చివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొద్దిగ సబ్బునీటిని కలిపి చల్లవలెను. వానకాలారంభమున పెన్సిలు లావు కొమ్మను జానెడు పొడవున కోసి, రెండు కణుపులు మట్టిలోనికి పోవునట్లు నీడలో నాటినచో మొక్క సిద్ధమగును.

కాబట్టి మా సలహా యిది. బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రము, పిల్లలు ఆడుకొను వనము, ఇంటి ముంగిలి - ఇచటనెల్ల మందారము నాటుడు. గన్నేరును రహదారి నడిమి గట్టునకు, పశువులు కట్టివేయని ఊరి వెలుపలి తావులకు పరిమితము చేయుడు. పశువుల తొట్టి, గడ్డివాము, చేదబావి చేరువలలో దానిని నాటరాదు. కత్తిరించిన కొమ్మలను లెక్కపెట్టి మోయించి, పశువులకందని లోతు గోతిలో పూడ్పింపుడు. పొయ్యిలో పెట్టరాదు, దాని పొగయు హానికరమే. పని చేసినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బడిలో ఇదివరకే గన్నేరున్నచో వచ్చు సెలవులలో దానిని వేరుతో తీయించి, ఆ తావున మందారము పెట్టుడు. లెక్కలో ఒక మొక్కయు తగ్గదు.

ఎవరైనను గన్నేరు తిన్నట్లు తెలిసినచో వాంతులు మొదలగువరకు వేచియుండరాదు; వెంటనే 108కి ఫోను చేయవలెను. బలవంతముగా వాంతి చేయించుట, నాటుమందు పోయుట కూడదు. తిన్న కొమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోయినచో వైద్యునికి గుర్తించుట సులువగును. పశువునకైనచో 1962కు ఫోను చేయుడు.

నూటికి 85 మొక్కలు బ్రతికించుట చట్టము మనకు పెట్టిన లెక్క. ఆ మొక్కల నడుమ తిరుగు పిల్లలును, పశువులును నూటికి నూరు క్షేమముగ నుండుట మనకు మనము పెట్టుకొనవలసిన లెక్క. వచ్చు గ్రామసభలో మీ ఊరి బడి ఆవరణయందలి పొదలను ఒక్కమారు పరిశీలించి, ఏ మొక్క ఎచట నుండవలెనో తీర్మానము వ్రాయించుడని మా మనవి.