టెన్షన్ అనే ఒక్క మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళయింది కనుక ఒక్క విషయమే చెబుతాను.

ముప్పయ్యేళ్లుగా మానసిక వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే మన వయసువాళ్లు చాలామంది చెప్పేది ఒకటే: "టెన్షన్ అండీ." గుండె దడ, నిద్ర పట్టదు, మెడ పట్టేస్తుంది. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ బాగానే ఉంటాయి, ఫైలు మాత్రం లావవుతుంది. అదుపులో లేని ఆందోళన ఆరు నెలలపాటు దాదాపు రోజూ ఉంటే, దాన్ని మేం జబ్బుగానే చూస్తాం.

ఆ టెన్షన్ అడుగున ఏముందని అడిగితే తడుముకుంటారు. వివరాలు మార్చి ఒకరి సంగతి చెబుతాను. అమెరికాలో ఉన్న కొడుకు ఉద్యోగం, వీసా గురించి ఆయనకు రాత్రంతా ఆలోచనే. మూడోసారి వచ్చినప్పుడు గానీ బయటపడలేదు, ఉన్నది భయం కాదు, కోపమని. ఊళ్లో ఇల్లు అమ్మేద్దామని కొడుకు ఫోన్లోనే తేల్చేశాడట. కన్నకొడుకు మీద కోపమేమిటని ఆయనకు సిగ్గు. కోపాన్ని చూడటం కంటే వీసా గురించి దిగులుపడటమే తేలికైంది. మాటల్లో సాగే ఇలాంటి చింత అంతకంటే బాధాకరమైన భావాల్ని దూరం పెట్టడానికి పనికొస్తుందని థామస్ బోర్కొవెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పారు.

భావాల్ని సంభాళించుకోవడమంటే అణచుకోవడమనే మనకు నేర్పారు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనేవారు కదా! 2004లో గ్రాట్జ్, రోమర్ అనే ఇద్దరు పరిశోధకులు 36 అంశాలతో ఒక కొలమానం తయారుచేశారు. మనకు కలిగిందేమిటో మనకు తెలుస్తోందా, అది కలిగినందుకు మనల్ని మనం తిట్టుకుంటున్నామా అన్నవి కూడా అందులో ఉంటాయి.

మన అమ్మమ్మలకు బెంగ వేరు, గుబులు వేరు, ఉక్రోషం వేరు. మనం అన్నిటినీ ఒకే సంచిలో వేసి టెన్షన్ అని చీటీ అంటించాం. బెంగయితే వెళ్లి చూసి రావాలి. ఉక్రోషమైతే ఆ మనిషితో మాట్లాడాలి. టెన్షన్‌కి ఏం చేస్తాం? మాత్ర వేసుకుంటాం.

పేరు పెట్టగానే జబ్బు పోతుందనడం లేదు. మందులున్నాయి, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది, రెండూ పనిచేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజోలామ్ మాత్రం అలవాటైతే వదలదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపకండి, డాక్టరుకి చెప్పి మెల్లగా తగ్గించుకోండి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. మాట్లాడాలనుకున్నవాళ్లు రండి. ఫైళ్లు అక్కర్లేదు.