సముద్రతీరంలో విడిది
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కొత్త ఏటి పేరు పరాభవ. పేరు చూచి ఎవరూ బెదరవలసిన పని లేదు. వేపపువ్వు ఉన్నది గదా అని ఉగాది పచ్చడిని ఎవరూ వదలిపెట్టరు. మేమైతే మా వంతు పరాభవాన్ని పోయిన ఏడే అనుభవించి వచ్చినాము. అది సముద్రపు ఒడ్డు ఊరిలో, ఒక లాడ్జి మెట్ల దగ్గర జరిగింది. ఆ సంగతే నలుగురికీ పనికివచ్చేటట్టు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. మేము ఉపన్యాసకులము కాము. పదో తరగతితో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్నవారము. మాటలో తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మన రెండు ఊళ్ళకూ సముద్రం లేదు. కోయంబత్తూరుకు కొండగాలి ఉన్నది. మధురకు వైగై ఉన్నది. అందులో నీళ్ళు వచ్చిననాడు వచ్చినట్టు. మన పెద్దలు చాలామంది నాగలి పట్టుకొనో, మగ్గం మోసుకొనో, నాయకరాజుల కొలువును నమ్ముకొనో ఈ దేశానికి వచ్చినవారు. నేలను నమ్ముకొన్నారు. అందువల్ల మనకు సముద్రమంటే సెలవుల్లో పోయి చూచి రావలసిన వస్తువు. రామేశ్వరం, తిరుచెందూరు, కన్యాకుమారి, మనకు అందుబాటులో ఉన్నవి ఈ మూడు. మూడు చోట్లా ఒడ్డునే దేవుడున్నాడు. విహారయాత్ర అని బయలుదేరినా మనకది తీర్థయాత్రే అవుతుంది. పిల్లలకు ఇసుక కావలెను, పెద్దలకు దర్శనం కావలెను. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఏ ఊరికి పోవలెనో అయిదు నిమిషాల్లో తేలుతుంది. ఎక్కడ దిగవలెనన్నది అయిదు రోజులైనా తేలదు.

బాటసారికి విడిది ఎంత ముఖ్యమో మన రాణి మంగమ్మకు బాగా తెలుసును. 17వ శతాబ్దం చివర మధురను ఏలిన ఆ తల్లి బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. కన్యాకుమారి వైపు పోయే పాత బాటను తమిళ సోదరులు నేటికీ మంగమ్మాళ్ సాలై అంటారు. మధుర స్టేషను ఎదుట ఆమె పేరిటి సత్రం ఉన్నది. రోజూ దాని ముందు నుంచే పనికి పోతూ కూడా విడిది సంగతి మేము సరిగా ఆలోచించలేదు. ఇక మా కథ వినండి.

2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, పాంబన్ కొత్త వంతెన తెరచినారు. 1914 నాటి పాత వంతెన మీద 2022 డిసెంబరులో రాకపోకలు ఆగినప్పటి నుంచి ద్వీపంలోకి రైలు పోలేదు. కొత్త వంతెన వార్త విన్ననాటి నుంచి మా అమ్మ ఒకటే మాట పట్టుకొన్నది: "ఒక్కసారి రైల్లో సముద్రం దాటి రామేశ్వరం పోవలెనురా." మా నాయన పోయి రెండేళ్ళు. వారిద్దరూ ఒకప్పుడు ఆ పాత వంతెన మీద రైల్లో పోయి, కోవెల దగ్గర ఒక సత్రంలో మూడు రోజులు ఉండి వచ్చినారు. అమ్మకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. ఇంకొక వేసవి ఆగితే పోగలదో లేదో అన్న భయం మాకు లోపల ఉన్నది.

కోయంబత్తూరులో పంపుల వర్క్‌షాపులో పని చేసే మా బావ, అక్క, వారి పిల్లలిద్దరు. మా ఇంట్లో మేమిద్దరము, పిల్లలిద్దరు, అమ్మ. మొత్తం తొమ్మిది మంది. అమ్మ సత్రం అన్నది. మా ఇల్లాలు వంటకు వీలున్న చోటు అన్నది. బావ నవ్వి, "ఏం బావమరిదీ, ఇంతదూరం పోయి కిటికీలో సముద్రం కనపడకపోతే పోవడమెందుకు?" అన్నాడు. ఫోనులో ఒక లాడ్జి బొమ్మ చూపినాడు. నీలంగా సముద్రం, తెల్లగా మంచం. పిల్లలు కేకలు వేసినారు. మేమూ సరే అన్నాము. రెండు గదులకు ముందుగానే డబ్బు కట్టినాము. అమ్మ మాట అక్కడితో మరుగున పడింది. ఆమె మళ్ళీ ఎత్తలేదు.

మధుర నుంచి రామేశ్వరానికి రైలుదారి సుమారు 160 కిలోమీటర్లు. వంతెన మీద రైలు మెల్లగా పోతుంటే అమ్మ కిటికీ కడ్డీలు పట్టుకొని అటూ ఇటూ చూచి, చేతులు కళ్ళకు అద్దుకొన్నది. అంతవరకు అంతా బాగున్నది.

లాడ్జి చేరినాము. బొమ్మలోని సముద్రం అబద్ధం కాదు. అది మేడ పైకప్పు మీద నిలబడి తీసిన బొమ్మ. మా గదులు మూడవ అంతస్తులో. లిఫ్టు లేదు. 54 మెట్లు, మా పెద్దమ్మాయి లెక్కపెట్టింది. అమ్మను చెరొక రెక్క పట్టుకొని ఎక్కించినాము. మొదటి మలుపులోనే కూలబడి, "నేనిక్కడ కూర్చుంటాను, మీరు పోయి చూచి రండి" అన్నది. ఎట్లో పైకి చేర్చినాము. కొళాయి తిప్పితే నీళ్ళు ఉప్పగా వచ్చినవి. కిటికీ తెరిస్తే ఎదుటి మేడ గోడ. ఆ సాయంత్రం ఎనిమిది మందిమి ఒడ్డుకు పోయినాము. అమ్మ రాలేదు. దిగితే మళ్ళీ ఎక్కవలెను గదా. రాత్రి పడుకొన్న తరువాత చీకట్లో అడిగింది: "ఇక్కడ సముద్రం చప్పుడు వినపడదేమిరా?"

ఆ మాటకు మాకు జవాబు లేదు. ఎవరి కోరిక మీద బయలుదేరినామో ఆమెనే మూడో అంతస్తులో కట్టివేసినాము. కోపం ముందు లాడ్జివాని మీదికి పోయింది గాని, ఎన్నో అంతస్తు అని ఒక్క మాట ముందుగా అడగనిది మేమే.

తెల్లవారగానే బావా మేమూ సత్రాల వెంట తిరిగినాము. మొదటి చోట మేనేజరు మర్యాదగానే, "మీరే కులము?" అని అడిగినాడు. చెప్పినాము. "ఇది మావారికి మాత్రమే" అన్నాడు. బావకు ముఖం ఎర్రబడింది. వీధిలోకి వచ్చి, "మనుషులను నిలబెట్టి కులం అడుగుతారా?" అన్నాడు. మేమన్నాము: "బావా, మన ఊళ్ళో మనవారి కల్యాణ మండపంలో ఏమడుగుతాము?" బావ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. చాలా దూరం అట్లే నడిచినాము. ఇంకొకరి గుమ్మం ముందు నిలబడితే గాని మన గుమ్మం మనకు కనపడదు.

రెండో సత్రం పాతది. నేల మీది గదులు, చాపలు, పెరట్లో బావి. అక్కడి ముసలి గుమాస్తా, "ఎవరైనా సరే, ఆధార్ నకలు ఇవ్వండి. రాత్రి తొమ్మిదికి గేటు మూస్తాము" అన్నాడు. అంతే. లాడ్జిలో కట్టిన డబ్బు పోతే పోయిందని మధ్యాహ్నానికి మారినాము. సాయంత్రం అమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసి తన కాళ్ళతో తాను నడిచి అగ్నితీర్థానికి వచ్చింది. అక్కడ సముద్రం చెరువు మాదిరి నెమ్మదిగా ఉంటుంది. మోకాటి లోతులో నిలబడి దోసిట నీళ్ళు తీసి, నాయన పేరు చెప్పి వదిలింది. మా బావ ముఖం ప్రక్కకు తిప్పుకొన్నాడు.

ఇక ఈ కథ నుంచి మేము నేర్చుకొన్నది మనవి చేస్తాము.

మొదటిది: గుంపులో అందరికంటె తక్కువ నడవగలిగినవారు ఎవరో చూచి, వారి కాళ్ళతో విడిదిని కొలవవలెను. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉన్నదా, ఉంటే నడుస్తున్నదా, కూర్చొనే మరుగుదొడ్డి ఉన్నదా అని ఆ చోటికే ఫోను చేసి అడగవలెను. బొమ్మ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు.

రెండవది: ఏ పని మీద పోతున్నామో దాని దగ్గర దిగవలెను. రామేశ్వరంలో కోవెల లోపలి 22 తీర్థాలలో స్నానం చేసినవారు తడిబట్టలతో గర్భగుడి దర్శనానికి పోరాదు. బట్టలు మార్చుకొనే గది నాలుగడుగుల్లో ఉంటే ముసలివారికి, పసివారికి చలి బాధ తప్పుతుంది. తిరుచెందూరులో కోవెల ఒడ్డునే ఉన్నది. కోవెల దగ్గర దిగితే సముద్రం దగ్గర దిగినట్టే. కన్యాకుమారిలో స్టేషను నుంచి ఒడ్డు సుమారు ఒక కిలోమీటరే. సూర్యోదయం కిటికీలో కనపడవలెనని రెట్టింపు అద్దె ఇవ్వడం కంటె, తెల్లవారుజామున లేచి నాలుగు వీధులు నడిస్తే అదే సూర్యుడు అందరికీ ఉచితంగా కనపడతాడు.

మూడవది నీళ్ళు. ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండటం కద్దు. మంచినీళ్ళు లోపలే దొరుకుతవా, కొనవలెనా అని అడగండి. పసిబిడ్డలున్నవారికి సముద్రం కనపడే కిటికీ కంటె మంచినీళ్ళ కుండ ముఖ్యం.

నాలుగవది కాలం. ఆడి, తై అమావాస్యలకు రామేశ్వరంలో, స్కందషష్ఠికి తిరుచెందూరులో, అయ్యప్ప భక్తులు తిరిగే రోజుల్లో కన్యాకుమారిలో గది దొరకడం కష్టం. ఆ రోజులు తప్పించండి. లేదా చాలా ముందుగా మాట్లాడుకోండి.

అయిదవది: విడుదుల్లో రకాలున్నవి. దేవస్థానం గదులు ఉన్నవి. రామేశ్వరంలోను, కన్యాకుమారిలోను రాష్ట్ర పర్యాటక శాఖవారి హోటల్ తమిళ్‌నాడు ఉన్నది. కన్యాకుమారిలో వివేకానంద కేంద్రం ఆవరణలో యాత్రికులకు బస ఉన్నది. మా రైల్వే విశ్రాంతి గదులు రైలు టిక్కెట్టు ఉన్నవారికే ఇస్తారు. అవి ఒక రాత్రి నడుము వాల్చడానికి మంచివే గాని, నాలుగు రోజుల కాపురానికి కావు. ఏ స్టేషనులో గదులున్నవో బయలుదేరకముందే చూచుకోండి.

చివరిది అన్నిటికంటె పెద్దది. సముద్రానికి ఎంత దగ్గరగా అన్నదానికి ఒక హద్దున్నది.

మూడో రోజు అందరమూ ధనుష్కోడి పోయినాము. 2017 నుంచి అరిచల్‌మునై కొస వరకు మంచి రోడ్డు ఉన్నది. ఒక ప్రక్క నెమ్మదైన నీరు, మరొక ప్రక్క ఎగిరే అలలు. అక్కడివారు వాటిని ఆడ సముద్రం, మగ సముద్రం అంటారు. పిల్లలు ఆ ఇసుక వదలరు. "మామా, రాత్రికి ఇక్కడే ఉందాము" అని బావ కొడుకు పట్టుపట్టినాడు. అక్కడ విడిది లేదు. చీకటి పడేలోగా తిరిగి రావలెను. ఎందుకని అడిగితే, కూలిన గోడలు చూపించి చెప్పినాము.

ఒకప్పుడు అది స్టేషను, తపాలా కచేరి, కస్టమ్స్ కచేరి అన్నీ ఉన్న ఊరు. మద్రాసు నుంచి బోట్ మెయిల్‌లో వచ్చినవారు అక్కడే ఓడ ఎక్కి సింహళానికి పోయేవారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి ధనుష్కోడి చేరబోతున్న 653 నంబరు ప్యాసింజరును అల ముంచివేసింది. అందులోని వందమందికి పైగా పోయినారు. బండి నడిపినవారూ పోయినారు. మా రైల్వేవారము ఆ నంబరును మరువలేము. పాంబన్ వంతెన కూడా కొట్టుకొనిపోగా, శ్రీధరన్‌గారి ఆధ్వర్యంలో 46 రోజుల్లో నిలబెట్టినారు. ఊరిని మాత్రం నిలబెట్టలేదు. మనుషులు ఉండదగిన చోటు కాదని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ తుపాను నాటికి మన సావిత్రమ్మ, జెమినీ గణేశన్ దంపతులు రామేశ్వరంలో ఉండి చిక్కుకొని, క్షేమంగా బయటపడినారు. రామేశ్వరానికీ ధనుష్కోడికీ మధ్య ఇరవై కిలోమీటర్లయినా లేదు. ఆ రాత్రి ఎక్కడ దిగినారన్నదే ప్రాణానికీ మరణానికీ తేడా అయినది.

2004 డిసెంబరు 26న సునామీ కన్యాకుమారి జిల్లాలోను వందలమందిని తీసుకొనిపోయింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పోయేవారు వాతావరణ హెచ్చరిక వినండి. ఖాళీ చేయమంటే, కట్టిన అద్దె లెక్క చూడకుండా లేవండి. అద్దె డబ్బు మళ్ళీ సంపాదించుకొనవచ్చును.

ఇప్పుడు సంఘంవారికి ఒక మనవి. సత్రం కట్టమని మేము అడగము. అంత స్తోమతు మనకు లేదు. సంఘం గదిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. సముద్రానికి పోయి వచ్చిన ప్రతి కుటుంబమూ అందులో ఒక పుట వ్రాయవలెను: దిగిన చోటు, అంతస్తు, మెట్లు, నీళ్ళు, కోవెలకు దూరం, ఒడ్డుకు దూరం, అద్దె, గేటు మూసే వేళ. కులం అడిగినారా లేదా అన్నది కూడా వ్రాయండి. కోయంబత్తూరువారికి మధురవారి అనుభవం, మధురవారికి కోయంబత్తూరువారి అనుభవం అక్కరకు వస్తుంది. మొదటి పుట మేము వ్రాసి తెచ్చినాము; సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారికి అప్పగిస్తాము.

మరొక చిన్న మాట. మన చేతిలో ఉన్న మండపాల గుమ్మం దగ్గర, వర్షానికో ఎండకో వచ్చి నిలబడిన బాటసారిని ఆ ప్రశ్న అడగడం మనమే ముందు మానుకొందాము. మంగమ్మ పేరు చెప్పుకొనే మనకు అంతమాత్రం చెల్లును.

మా అమ్మ ఈ సభలో ముందు వరుసలో కూర్చొని ఉన్నది. ఈ వేసవికి ఎక్కడికమ్మా అని అడిగితే కన్యాకుమారి అంటున్నది. మెట్లు ఎన్నో ముందే అడగమని మరీ మరీ చెప్పింది.