18 వేలల్లో సింగిల్ కట్ గిటార్: పైసలు తమ్మునియి, బాధ్యత నాది

ఈ ఎపిసోడ్‌లో తక్కువ బడ్జెట్‌ల సింగిల్ కట్ ఎలక్ట్రిక్ గిటార్ ఎట్ల కొనాలో మాట్లాడుకుందాం. ఇది రివ్యూ కాదు. ఏ కంపెనీ గొప్పది, ఏది చెత్తది అని నేను చెప్పను. పోయిన నెల మా తమ్మునితో షాపుకు పోయినప్పుడు ఏం జరిగిందో చెప్తా. అందులోనే మీకు కావాల్సినవి అన్నీ ఉన్నయ్.

మా చిన్నాయన కొడుకు ఆదిలాబాద్‌ల ఉంటడు. డిగ్రీ చదువుతూనే పత్తి సీజన్‌ల జిన్నింగ్ మిల్లుకు పనికి పోయిండు. 18 వేలు జమ చేసిండు. ఒక రోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఒక ఫొటో పంపిన చూడు, ఇదే కావాలె, నువ్వు కొనియ్యాలె" అన్నడు. చూస్తే సింగిల్ కట్. అంచులు ఎరుపు, నడుమ పసుపు, పైన పులిచారల లెక్క మెరుపు. ఫొటోల మస్తుగ ఉంది.

నాకు మాత్రం భయమైంది. ఎందుకంటే నా మొదటి గిటార్ కూడా నేను ఫొటో చూసే కొన్న. ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెట్టిన. వచ్చినప్పుడు మెరిసింది. మూడు నెలలకు నెక్ మెలి తిరిగింది. ఏ తీగ నొక్కినా జుయ్యిమని శబ్దం. నాకే వాయించ రాదేమో అనుకుని దాన్ని అల్మారా మీద పెట్టేసిన. రెండేండ్లు మళ్ళ ముట్టలే. తప్పు నా చేతిది కాదు, గిటార్‌ది అని తెలిసేసరికి ఆ రెండేండ్లు పోయినయ్. తమ్మునికి అట్ల కావద్దు అనుకున్న.

సరే, ముందు అసలు సంగతి. సింగిల్ కట్ అంటే ఏంది? నెక్ బాడీని కలిసే దగ్గర పై ఫ్రెట్‌లకు చెయ్యి అందాలని చెక్కను కోస్తరు. ఒక్క పక్కనే కోస్తే సింగిల్ కట్, రెండు పక్కల కోస్తే డబుల్ కట్. ఫెండర్ టెలీకాస్టర్ కూడా సింగిల్ కట్టే. కానీ మనోళ్ళు ఆ మాట అంటే ఎక్కువగా మనసుల ఉండేది లెస్ పాల్ ఆకారం. గిబ్సన్ కంపెనీ 1952లో దాన్ని తెచ్చింది. లెస్ పాల్ అనేది ఒక మనిషి పేరు. అమెరికా గిటారిస్టు, 1915లో పుట్టి 2009 దాకా బతికిండు.

అసలు గిబ్సన్ లెస్ పాల్ స్టాండర్డ్ మన దగ్గర రెండు లక్షల పైమాటే. ఎపిఫోన్ 1957 నుంచి గిబ్సన్ చేతిలోనే ఉంది, అదే ఆకారాన్ని తక్కువ ధరకు చేస్తది. ఇంకా కిందికి వస్తే ఆ ఆకారంల చేసే కంపెనీలు చాలా ఉన్నయ్. మన 18 వేల ఆట అంతా ఆ కింది అంతస్తులోనే.

ఈ ఆకారం గిటార్‌లో మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, తీగ పొడవు. నట్ నుంచి బ్రిడ్జ్ దాకా దాదాపు 628 మిల్లీమీటర్లు. స్ట్రాటోకాస్టర్‌కి 648. పొడవు తక్కువైతే అదే శ్రుతిలో తీగ కొంచెం మెత్తగ ఉంటది. కొత్త వేళ్ళకు బెండ్ చేయడం సులువు.

రెండు, పికప్. దీంట్లో ఎక్కువగా హంబకర్లు ఉంటయ్. సింగిల్ కాయిల్ పికప్ మన ఇంటి కరెంటు హమ్‌ను పట్టి స్పీకర్‌ల గుంయ్‌మనిపిస్తది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి తిరగేసి పెడతరు, అందుకే ఆ హమ్ కొట్టుకుపోతది. గిబ్సన్ 1957 నుంచి లెస్ పాల్‌లలో వీటిని పెట్టింది. మన పాత ఇండ్లల్ల ఎర్తింగ్ సంగతి మీకు తెలుసు. ఇది చిన్న లాభం కాదు.

మూడు, బరువు. పాత పద్ధతిలో బాడీ మహోగని, పైన మేపుల్ పలక. నాలుగు కిలోలు దాటడం మామూలే. మన నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చేతిలో పట్టుకుంటే ఎంత తేలికో తెలుసు కదా, ఇది దానికి పూర్తిగా ఉల్టా. తక్కువ ధర గిటార్లలో బాస్‌వుడ్, పాప్లర్ వాడుతరు, కొంచెం తేలికైతయ్. దానికి సిగ్గుపడే అవసరం ఏం లేదు.

ఇక షాపింగ్. తమ్ముడు పొద్దుగాల బస్సెక్కి కరీంనగర్ వచ్చిండు. టవర్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుకుంట ఒక కాగితం మీద లెక్క రాసినం. గిటార్‌కి 12 వేలు, అంతకు మించి లేదు. చిన్న ప్రాక్టీస్ యాంప్ 3,500. సెటప్ చేయించడానికి 800. కొత్త తీగలు 450, కేబుల్ 400, బెల్ట్ 350. మొత్తం 17,500. "18 వేల గిటార్ తీసుకుంట గదా" అన్నడు. "యాంప్ లేకుంటే ఇంట్ల దోమ పాట కూడా దానికంటే గట్టిగ వినిపిస్తది" అని చెప్పిన. నవ్విండు కానీ మొహం చిన్నబోయింది.

షాపులో రెండు సింగిల్ కట్‌లు ఉన్నయ్. ఒకటి అచ్చం ఫొటోల ఉన్నట్టే, పులిచారలతో. ఇంకొకటి ముదురు ఎరుపు, సాదాగ, ఏ చార లేదు. రెండూ దాదాపు ఒకే ధర. వాని కండ్లు మెరిసేదాని మీదనే. నేను ఆపలే. "పట్టుకో, కానీ ముందు పరీక్ష" అన్న.

ఆ పరీక్ష మీరు కూడా చేయొచ్చు. గిటార్ వాయించ రాకున్నా చేయొచ్చు.

ముందుగా బాడీ చివర నుంచి తుపాకి గురి చూసినట్టు నెక్ పొడవునా చూడండి. కొంచెం వంపు ఉంటే పర్వాలేదు, నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్‌ను తిప్పి సరిచేస్తరు. కానీ మెలి తిరిగితే, అంటే ఒక పక్క పైకి ఒక పక్క కిందికి ఉంటే, వదిలేయండి. అది ట్రస్ రాడ్‌తో పోదు.

తర్వాత ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లో ఒక్కొక్కటిగా మీటండి. పది నిమిషాలు పడతది, షాపాయన విసుక్కున్నా సరే. ఎక్కడైనా శబ్దం చచ్చిపోతుందా వినండి.

మూడోది, ఫోన్‌ల ట్యూనర్ యాప్ తెరవండి. ఖాళీ తీగను శ్రుతి చేసి, అదే తీగను 12వ ఫ్రెట్‌లో నొక్కి మీటండి. అదే స్వరం ఒక స్థాయి పైన రావాలె. కొంచెం తేడా ఉంటే బ్రిడ్జ్ మీది చిన్న స్క్రూతో సరిచేయొచ్చు. ఆ స్క్రూ ఇప్పటికే చివరికి పోయి ఉంటే మాత్రం ఆలోచించండి.

నాలుగోది, నెక్ అంచున చెయ్యి జరపండి. ఫ్రెట్ కొనలు గీరుకుంటున్నయా? ఆదిలాబాద్, కరీంనగర్ ఎండకాలం మీకు కొత్తగా చెప్పాల్నా? చెక్క ఎండి కుంచించుకుపోతది, లోహం కుంచించుకోదు. వానకాలంల కొన్నది మే నెలల చెయ్యి కోయొచ్చు.

ఐదోది, హెడ్‌స్టాక్ వెనుక. ఈ డిజైన్‌లో తల భాగం వెనక్కి వాలి ఉంటది. కింద పడితే విరిగేది అక్కడే.

పరీక్షలో మెరిసే గిటార్ నెక్ మెలి తిరిగి ఉంది. సన్నని మూడు తీగలు 9వ ఫ్రెట్ దాటినంక మూగబోయినయ్. సాదా ఎరుపుదానికి 12వ ఫ్రెట్ దగ్గర స్వరం కొంచెం ఎక్కువ చూపింది, వాల్యూమ్ నాబ్ గరగరలాడింది. రెండూ చిన్న రిపేర్లే. ఇదే ఈ రోజు అసలు పాయింట్: లోపం లేని గిటార్ ఈ ధరకు దొరకదు. సరి అయ్యే లోపం ఏది, సరి కాని లోపం ఏది అనేదే చూడాలె.

తమ్ముడు ఒప్పుకోలే. ఇంకో చోట చూద్దాం అన్నడు. తెలిసినాయన ద్వారా ఒక సెకండ్ హ్యాండ్ చూసినం, పెద్ద పేరున్నదే, 14 వేలు చెప్పిండు. హెడ్‌స్టాక్ వెనుక ఫోన్ టార్చ్ వేసిన. వార్నిష్ కింద వెంట్రుకంత గీత. అడిగితే, "ఒకసారి పడ్డది, అతికించిన" అన్నడు. మంచిగ అతికిస్తే అది ఏండ్లకేండ్లు నిలబడతది, నిజమే. కానీ అతికించిన గిటార్‌కి అతికించిన ధరే ఉండాలె. అడగకముందు చెప్పనోనితో బేరం ఎందుకని వచ్చేసినం.

మళ్ళ షాపుకు పోయినం. తమ్ముడు మెరిసేదాన్ని ఒకసారి చూసిండు. "అన్నా, మిల్లుల ఒక్కో బోరకు ఎంతిస్తరో తెలుసా? మనకు నచ్చింది కూడా కొనుక్కోవద్దా?" అన్నడు. నాకు జవాబు దొరకలే. ఏం చెప్తా? పైసలు వానివి. చెమట వానిది. "నీ ఇష్టం. కానీ కండ్లు మూసుకుని రెండూ మీటు, తర్వాత చెప్పు" అన్న.

కండ్లు మూసుకుని మీటిండు. రెండు నిమిషాలు. ఎరుపుది ఒళ్ళో పెట్టుకుని ఇక లేవలే.

యు. శ్రీనివాస్ గారి పేరు వినే ఉంటరు. పాలకొల్లులో పుట్టిన మనిషి. నాలుగు జతల తీగలుండే మాండొలిన్‌ను ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, దాని మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచాన్ని కూర్చోబెట్టిండు. వాయిద్యం తనకు పనికొచ్చేటట్టు ఉందా లేదా అన్నదే ఆయన చూసుకున్నది. బస్టాండ్ దాకా నడుస్తూ తమ్మునికి ఇదే చెప్పిన. విన్నడో లేదో తెల్వది.

సెటప్ అయినంక వారానికి మళ్ళొచ్చి గిటార్ తీసుకపోయిండు. లెక్క ప్రకారం 500 మిగిలినయ్. మొన్న రాత్రి ఒక వాయిస్ మెసేజ్ పెట్టిండు. మాటలు లేవు. ఒకే తీగ మీద నాలుగు స్వరాలు, తప్పుకుంట తప్పుకుంట. వెనుక చిన్నమ్మ గొంతు, "ఇగ పడుకోరా" అని. ఇంకో నాలుగు స్వరాలు వినిపించి మెసేజ్ ఆగిపోయింది.

నేనైతే దాన్ని మూడుసార్లు విన్న. మీరు గిటార్ కొననీకి పోతే ఫోన్‌ల ట్యూనర్, టార్చ్ రెండూ రెడీగ పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌ల ఇంట్లనే తీగలు మార్చుడు చూపిస్తా. ఉంటా మరి.