కరకరలాడే ఎర్రగడ్డ పకోడి



పళ్ళిపట్టు, తిరుత్తణి వైపు కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళ గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. పక్కింటి తమిళ అవ్వ వచ్చి, "రెండు వెంగాయం ఉంటే ఇవ్వమ్మా" అని అడిగిందట. నగరి అవతలి ఊరి నుంచి వచ్చిన కోడలు లోపలికి వెళ్ళి, చేటలో రెండు వంకాయలు పెట్టి తెచ్చి ఇచ్చిందట. అవ్వ నవ్వుకుంటూ ఆ వంకాయలే పట్టుకుపోయి, పులుసు చేసి, సాయంత్రం ఒక గిన్నెడు తిరిగి ఇచ్చిందట.

తమిళంలో వెంగాయమన్నా, కోస్తావారు ఉల్లిపాయ అన్నా, మనం ఎర్రగడ్డ అన్నా ఒకటే. తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు మారాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. జిల్లాల పేర్లు మారాయి గాని, మన వంటింట్లో ఎర్రగడ్డ ఎర్రగడ్డగానే ఉండిపోయింది. అందుచేత ఈ ప్రసంగంలో నేనూ ఆ మాటే వాడతాను.

ఈనాడు మనం చెప్పుకోబోయేది ఎర్రగడ్డ పకోడి గురించి. పకోడి తెలియనిదెవరికి, దానికి ప్రసంగం ఎందుకు అని మీరు అనుకోవచ్చు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారంతటి కవి పకోడి మీద పద్యాలు చెప్పారు కాబట్టి, మనం పది నిమిషాలు మాట్లాడుకుంటే తప్పేమీ లేదు. అసలు సంగతి వేరే ఉంది. అంగడిలో కొన్న పకోడి కరకరలాడుతుంది. ఇంట్లో చేసినది బాండ్లి నుంచి తీసిన అయిదు నిమిషాలకే మెత్తబడి, పట్టుకుంటే చేతికి నూనె అంటుతుంది. నూనె డబ్బా మాత్రం నెల తిరక్కుండానే అడుగంటుతుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి కొని తెచ్చుకుంటున్నదే. పకోడి తాగిన నూనెకు మనం డబ్బు పెడుతున్నాం, తరువాత ఆ నూనెనే మనమూ తింటున్నాం. కనుక పకోడి కరకరలాడటం ఒక్క రుచికి సంబంధించిన విషయం కాదు. ఇంటి ఖర్చుకు, ఒంటి ఆరోగ్యానికి కూడా సంబంధించినది.

ఇందులో జరిగే పొరపాటు దాదాపు ఒక్కటే. మనం పిండిలో నీళ్ళు పోస్తాం. నిజానికి పకోడికి కావలసిన నీళ్ళు ఎర్రగడ్డలోనే ఉన్నాయి.

వంద గ్రాముల ఎర్రగడ్డలో సుమారు 88 గ్రాములు నీరే. నాలుగు గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మరి కోస్తున్నప్పుడు తియ్యదనం తెలియదు, కళ్ళు మండుతాయి, ఎందుకు? కత్తి తగలగానే ఎర్రగడ్డలోని గంధకపు పదార్థాలు అక్కడే ఉండే కొన్ని ఎంజైములతో కలిసి, ఘాటైన ఆవిరిగా మారి కంటికి తగులుతాయి. ఆ ఘాటు కింద తీపి దాగి ఉంటుంది. నూనెలో వేగేటప్పుడు ఘాటు తగ్గిపోతుంది, నీరు ఆవిరైపోతుంది, మిగిలిన చక్కెర చిక్కబడి అంచులు ఎర్రబడతాయి. బాగా వేగిన పకోడి చివర నాలుకకు తగిలే ఆ తీపి చక్కెర వేస్తే వచ్చేది కాదు, ఎర్రగడ్డదే.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని విడాలియా అనే ఊరి పేరుతో తియ్యటి ఎర్రగడ్డలు అమ్ముతారు. అక్కడి నేలలో గంధకం తక్కువ కావడం వల్ల ఆ గడ్డల్లో ఘాటు తక్కువ. వాటిని చక్రాలుగా కోసి, పిండిలో ముంచి వేయించుకుంటారు. మనకు అటువంటి గడ్డ దొరకనవసరం లేదు. మన గడ్డలోని తీపిని మంటతోనే బయటికి తీసుకోవచ్చు.

ఇక గడ్డను ఎంచుకోవడం చూద్దాం. మన సంతలో రెండు రకాలు దొరుకుతాయి. పెద్దగడ్డను బళ్ళారి వెంగాయం అంటారు. సాంబారులో వేసే చిన్నగడ్డ రెండవది. పకోడికి పెద్దగడ్డ మంచిది, తరగడం తేలిక. పొట్టు బాగా ఎండి, మెడ గట్టిగా మూసుకున్న గడ్డను తీసుకోండి. ఎండాకాలంలో తవ్వి ఆరబెట్టిన గడ్డ గట్టిగా ఉంటుంది. వానకాలపు పంటగా అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే కొత్తగడ్డలో నీరు ఎక్కువ. అటువంటి గడ్డ వాడేటప్పుడు మనం చెప్పుకోబోయే పిండి కొలతకు రెండు చెంచాలు చేర్చాలి.

కొలతలు చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఎర్రగడ్డలు అర కిలో. శనగపిండి 200 గ్రాములు. బియ్యపు పిండి 50 గ్రాములు. పచ్చిమిరపకాయలు నాలుగు. అల్లం చిన్న ముక్క. కరివేపాకు రెండు రెబ్బలు. ఇష్టమైతే అర చెంచా సోంపు. ఉప్పు చెంచాన్నర. కారం అర చెంచా. వేయించడానికి చెనిక్కాయల నూనె, బాండ్లిలో రెండంగుళాల లోతు ఉంటే చాలు. ఆప్పసోడా అక్కరలేదు. సోడా వేస్తే పకోడి గుల్లబారుతుంది. గుల్లబారిన చోటల్లా నూనె చేరుతుంది. ఆ గుల్లదనం కరకరలాడటం కాదు. కరకర బియ్యపు పిండి వల్ల వస్తుంది.

ఎర్రగడ్డలను నిలువుగా, సన్నగా, అన్నీ ఒకే మందంలో తరగాలి. కొన్ని మందంగా, కొన్ని పలుచగా ఉంటే పలుచనివి మాడేసరికి మందమైనవి పచ్చిగానే ఉంటాయి. తరిగినవాటిని వెడల్పాటి పళ్ళెంలో వేసి, ఉప్పు చల్లి, పొరలు విడిపోయేటట్టు చేత్తో నలపండి. మిరపకాయ ముక్కలు, అల్లం, కరివేపాకు కూడా అప్పుడే కలపండి. తరువాత పది నిమిషాలు దాని జోలికి పోవద్దు. ఉప్పు గడ్డలోని నీటిని బయటికి లాగుతుంది. పది నిమిషాల తరువాత చూస్తే ముక్కలు తడిసి మెరుస్తుంటాయి, పళ్ళెం అడుగున కొంచెం నీరు చేరి ఉంటుంది. ఆ నీరు పారబోయకండి. పకోడికి మనం వాడే నీళ్ళు అవే.

ఇప్పుడు శనగపిండి, బియ్యపు పిండి, కారం ఒకచోట కలిపి, గుప్పెడు గుప్పెడుగా ఎర్రగడ్డ మీద చల్లుతూ కలపండి. గట్టిగా పిసకవద్దు. పిండి ముక్కలకు అంటుకుని ఉండాలి గాని, ముక్కలు పిండిలో మునిగిపోకూడదు. చేతిలోకి తీసుకుంటే ముద్దగా నిలవాలి, వదిలితే విడిపోవాలి. ఇంకా పొడిపొడిగా ఉంటే చేతివేళ్ళు నీళ్ళలో తడిపి ఒకటి రెండుసార్లు చిలకరించండి. చెంబు ఎత్తి పోయవద్దు. చివరగా కాగిన నూనె రెండు చెంచాలు ఈ ముద్ద మీద వేసి, గరిటెతో ఒకసారి కలపండి. కలిపిన వెంటనే వేయించడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే గడ్డ ఇంకా నీరు వదిలి, ముద్ద జారుగా అవుతుంది. అందుకే పిండి కలపడానికి ముందే నూనె పొయ్యి మీద పెట్టుకోవాలి.

నూనె వేడి ఎలా తెలుస్తుంది? లెక్కకు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కనుక, ఒక చిన్న ముక్క వేసి చూడండి. అడుగుకు పోయి అక్కడే ఉండిపోతే వేడి చాలలేదు. వేయగానే నల్లబడితే వేడి ఎక్కువైంది. అడుగుకు పోయి, చుట్టూ బుడగలతో వెంటనే పైకి తేలితే సరిపోయింది.

ఆ బుడగలు ఏమిటో ఒక్క మాట చెప్పుకోవాలి. అవి ఎర్రగడ్డలోని నీరు ఆవిరిగా మారి బయటికి వస్తున్న గుర్తు. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపు నూనె లోపలికి అంత సులభంగా పోలేదు. నూనె వేడి తక్కువైతే ఆ తోపు బలంగా ఉండదు, పకోడి ఎక్కువసేపు నానుతుంది. పిండిలో నీళ్ళు ఎక్కువ పోస్తే, ఆ నీరంతా పోయిన ఖాళీల్లో తరువాత నూనె చేరుతుంది. చేతినిండా ఒకేసారి వేస్తే నూనె చల్లబడుతుంది. కాబట్టి బాండ్లిలో సగం మాత్రమే నిండేటట్టు, ముద్దను వేళ్ళతో విడదీస్తూ, నూనెకు దగ్గరగా చేయి పెట్టి జార్చండి. పైనుంచి వేస్తే నూనె చిందుతుంది. మొదటి నిమిషం కదపవద్దు. తరువాత తిప్పుతూ, మధ్యరకం మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. బుడగల చప్పుడు తగ్గి, రంగు లేత తేనె నుంచి ఎరుపుకు తిరిగితే తీయవచ్చు. తీసిన తరువాత కూడా కొంచెం రంగు ఎక్కుతుంది, అది గుర్తుంచుకోండి.

తీసే పద్ధతి కూడా ముఖ్యమే. పకోడి నూనెను ఎక్కువగా పీల్చుకునేది బాండ్లిలో ఉన్నప్పుడు కాదు, బయటికి తీసి చల్లబడుతున్నప్పుడు. లోపలి ఆవిరి చల్లబడి, పైన అంటుకుని ఉన్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుచేత చిల్లుల గరిటెతో తీసి, బాండ్లి మీదే అయిదారు క్షణాలు ఆపి దులపండి. తరువాత జల్లెడలోనో, చిల్లుల పళ్ళెంలోనో పలుచగా పరచండి. గిన్నెలో పోగు పోసి మూత పెడితే ఆవిరి మళ్ళీ నీరై, కరకరలాడవలసినది మెత్తబడిపోతుంది. పాత వార్తాపత్రిక మీద వేసే అలవాటు మానాలి. అచ్చు సిరా తినే వస్తువుకు అంటుకోవడం మంచిది కాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది.

ఎర్రగడ్డ ధర ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. 2019 చివరలో చాలా ఊళ్ళలో కిలో వంద రూపాయలు దాటింది. అటువంటప్పుడు సగం ఎర్రగడ్డ, సగం సన్నగా తరిగిన క్యాబేజీ వేసుకోవచ్చు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి మొక్కుకుని, ఎర్రగడ్డ ముట్టని ఇళ్ళలో పూర్తిగా క్యాబేజీతోనే చేసుకోవచ్చు. క్యాబేజీకి కూడా ఉప్పు చల్లి ఆగితే నీరు వదులుతుంది. పద్ధతి అదే.

ఇక బాండ్లిలో మిగిలిన నూనె సంగతి. ఆ నూనెను డబ్బాలో పోసి, వారం తరువాత మళ్ళీ కాచి, అందులోనే అప్పడాలు, ఆ తరువాత బజ్జీలు వేయించడం చాలా ఇళ్ళలో ఉంది. పారబోయడానికి మనసొప్పదు, నిజమే. కాని నూనె మళ్ళీ మళ్ళీ కాగినకొద్దీ అందులో హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. గుండె జబ్బులకు అవి దోహదం చేస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఈ విషయం ఉంది. ఒకసారి వేయించడానికి వాడిన నూనెను వడగట్టి, కూరలకు, తాలింపులకు వాడుకోవచ్చు. తిరిగి వేయించడానికి వాడకూడదు. అదీ ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. నల్లబడిన నూనె, జిగటగా మారిన నూనె, కాగుతుంటే నురుగు కట్టే నూనె కూరకు కూడా పనికిరాదు. అందుకే మొదటే తక్కువ నూనె పోయండి. చిన్న బాండ్లిలో, చిన్న చిన్న వాయిలుగా వేయించండి. పని పావుగంట ఎక్కువ పడుతుంది, నూనె మిగిలిపోదు.

పొయ్యి దగ్గర జాగ్రత్త కూడా చెప్పాలి. పకోడి వాసనకు పిల్లలు వచ్చి బాండ్లి చుట్టూ మూగుతారు. బాండ్లి పిడి బయటి వైపుకు పెట్టవద్దు, పొయ్యి నేల మీద పెట్టి వేయించవద్దు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట పైకి లేస్తుంది. గ్యాసు ఆపి, మూత పెట్టేయండి. ఒంటి మీద నూనె పడితే కాలిన చోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీళ్ళు ధారగా పోయండి. సిరా, కాఫీపొడి, పళ్ళపొడి వంటివి పూయవద్దు. పెద్ద బొబ్బ లేచినా, ముఖానికి తగిలినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఎంత బాగా చేసినా పకోడి నూనెలో వేగిన వస్తువే. రోజూ తినేది కాదు. బీపీ, చక్కెర జబ్బు ఉన్న పెద్దవాళ్ళు రెండు ముక్కలతో తృప్తిపడాలి. అయినా కుశస్థలి నిండుగా పారే కార్తీక మాసపు వానల్లో, పడుగు ఆరక మగ్గం ఆగిపోయిన సాయంత్రం, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చున్నప్పుడు ఒక పళ్ళెం పకోడి ఇచ్చే సంతోషం తక్కువదేమీ కాదు. ఆ సంతోషానికి డబ్బాడు నూనె ఖర్చు కాకూడదు, అంతే.

చివరగా మీకు ఒక చిన్న పరీక్ష చెప్పి ముగిస్తాను. ఈసారి పకోడి వేయించే ముందు నూనెను గ్లాసుతో కొలిచి బాండ్లిలో పోయండి. అంతా అయి, నూనె పూర్తిగా చల్లారిన తరువాత మళ్ళీ కొలవండి. తగ్గినది ఎంతో గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టండి. మీరు ఇదివరకు చేసే పద్ధతిలో ఒకసారి, నీళ్ళు పోయకుండా ఈ పద్ధతిలో ఒకసారి చేసి, రెండు లెక్కలూ పక్కపక్కన చూసుకోండి. ఏ పద్ధతి మంచిదో నేను చెప్పడం కన్నా మీ గ్లాసే బాగా చెబుతుంది. పక్కింటి అవ్వకు కూడా ఒక పళ్ళెం ఇవ్వడం మరిచిపోకండి. ఆమె వెంగాయ పకోడా అన్నా, మనం ఎర్రగడ్డ పకోడి అన్నా, కరకర మాత్రం ఒకటే.